పుట్టుకతో దొంగలుంటారా?

ఊళ్లో ఒక ఇంట్లో కోడి పోయింది. ఇంకో ఇంట్లో రాగి బిందె పోయింది. అప్పుడు అందరూ ముందు ఎవరి వైపు చూస్తారు? ఊరి చివర గుడిసె వేసుకున్న వాళ్ల వైపు చూస్తారు. బుట్టలు అల్లుకునే వాళ్ల వైపు చూస్తారు. పందులు మేపుకునే వాళ్ల వైపు చూస్తారు.

"వాళ్లు కాక ఇంకెవరు?" అంటారు.

ఎవరూ కళ్లతో చూడలేదు. సాక్ష్యం లేదు. అయినా మాట అనేస్తారు.

తప్పు చేసిన మనిషిని అడగాలి. శిక్షించాలి. కానీ పుట్టిన కులాన్ని బట్టి ఒక మనిషిని దొంగ అనవచ్చా? ఒకప్పుడు మన దేశంలో చట్టమే అట్లా అన్నది. ఆ చట్టం కింద నలిగిన ఊరు ఒకటి మన దగ్గర్లోనే ఉంది. దాని పేరు స్టూవర్టుపురం. బాపట్ల నుంచి చీరాలకు రైల్లో పోతుంటే మధ్యలో ఆ స్టేషను వస్తుంది. వెనకటికి బాపట్ల గుంటూరు జిల్లాలో ఉండేది. చీరాల ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022లో రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి.

ఆ ఊరి కూలీల కథే ఈ పాఠం.

ఉప్పు మోసిన వాళ్లు

స్టూవర్టుపురంలో ఎక్కువమంది ఎరుకల వాళ్లు. ఎరుకల వాళ్లు మనకు కొత్త కాదు. వాళ్లు అల్లిన బుట్టలు, తట్టలు మన ఇళ్లలో ఉన్నాయి. ఎరుకలసాని బుట్ట చంకన పెట్టుకుని వీధిలోకి వస్తుంది. చెయ్యి చూసి ఎరుక చెబుతుంది. పచ్చబొట్టు పొడుస్తుంది. మన అమ్మమ్మల చేతుల మీద ఉన్న పచ్చబొట్లలో వాళ్లు పొడిచినవి ఎన్నో ఉంటాయి.

వెనకటి రోజుల్లో వాళ్లలో చాలామందికి ఇంకో పని ఉండేది. అది ఉప్పు వ్యాపారం. సముద్రం ఒడ్డున ఉప్పు కొనేవాళ్లు. గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకునేవాళ్లు. మెట్ట ఊళ్లకు, కొండ ఊళ్లకు పోయేవాళ్లు. అక్కడ ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చుకునేవాళ్లు. బండిబాట లేని ఊళ్లకు కూడా వాళ్ల గాడిదలు పోయేవి.

అంటే వాళ్లు ఎవరు? ఊరూరికీ సరుకు మోసిన కష్టజీవులు. మరి ఆ బతుకు ఎట్లా పోయింది? దానికి నాలుగు కారణాలు ఉన్నాయి.

మొదటిది, ఇంగ్లీషు వాళ్లు ఉప్పును తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. ఉప్పు మీద పన్ను వేశారు. చిన్న వ్యాపారికి గిట్టలేదు.

రెండోది, రోడ్లు వచ్చాయి. రైళ్లు వచ్చాయి. పెద్ద వ్యాపారులు రైల్లో సరుకు పంపారు. గాడిద రైలుతో పోటీ పడలేదు గదా!

మూడోది, అడవి చట్టాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1882లో అడవి చట్టం పెట్టారు. అడవిలో పశువులు మేపటం కష్టమైంది. బుట్టలకు వెదురు తెచ్చుకోవటం కష్టమైంది.

నాలుగోది, కరువు. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిలో పెద్ద కరువు వచ్చింది. దాన్ని ధాత కరువు అంటారు. మనుషులు చచ్చారు. పశువులు చచ్చాయి. మోసే ఎద్దు పోయాక వ్యాపారం ఎక్కడిది?

పని పోయింది. ఆకలి మిగిలింది. ఆకలితో కొందరు దొంగతనాలకు దిగారు. అది తప్పే. కానీ కొందరు చేసిన తప్పును సర్కారు అందరి నెత్తినా పెట్టింది.

చట్టం వేసిన ముద్ర

1871లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని పేరు నేరస్త జాతుల చట్టం. మొదట దాన్ని ఉత్తరాదిలో పెట్టారు. 1911లో మార్చి దేశమంతటికీ వర్తించేట్టు చేశారు. అప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అట్లా ఆ చట్టం మన వైపుకూ వచ్చింది. 1924లో దాన్ని ఇంకోసారి తిరగరాశారు.

ఆ చట్టం ఏం చెప్పింది?

ప్రభుత్వం ఒక కులాన్ని 'నేరస్త జాతి' అని ప్రకటించవచ్చు. ఆ కులం వాళ్ల పేర్లు పోలీసు రిజిస్టరులో రాస్తారు. వాళ్ల వేలిముద్రలు తీసుకుంటారు. పిలిచిన వేళకు వచ్చి హాజరు చెప్పాలి. కొన్ని చోట్ల రాత్రిపూట కూడా స్టేషనుకు పోయి హాజరు చెప్పాల్సి వచ్చేది. వేరే ఊరు పోవాలంటే పాసు ఉండాలి. పాసు లేకుండా పోతే పట్టుకుంటారు.

శిక్షలు కూడా వేరుగా ఉండేవి. ఆ జాబితాలో ఉన్న మనిషికి కొన్ని నేరాలలో రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్లు. మూడోసారి పడితే ద్వీపాంతరం. అంటే సముద్రం దాటించి, జీవితాంతం అక్కడే ఉంచటం.

తల్లులు ఈ మాట కూడా వినాలి. బిడ్డలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది.

వేలిముద్ర సంగతి ఒకసారి ఆలోచించండి. ఏ ఇద్దరి వేలిముద్రలూ ఒకటిగా ఉండవు. ఒక తల్లి కడుపున పుట్టిన కవలలకు కూడా ఒకటిగా ఉండవు. మనిషికీ మనిషికీ తేడా ఉంది అని వేలిముద్రే చెబుతోంది. వాళ్ల వేలిముద్రలు తీసుకున్న చట్టం మాత్రం కులమంతా ఒకటే అన్నది!

స్టూవర్టుపురం ఎట్లా పుట్టింది?

'నేరస్తులు' అని పేరు పెట్టిన వాళ్లను ఒకచోట ఉంచాలని ప్రభుత్వం అనుకుంది. అట్లాంటి చోటును 'సెటిల్మెంటు' అన్నారు. మన గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఒకటి పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో ఒకటి పెట్టారు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఇంకొకటి పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో హెరాల్డ్ స్టూవర్ట్ అనే పెద్ద అధికారి ఉండేవాడు. ఆయన పేరు మీద ఆ చోటుకు స్టూవర్టుపురం అని పేరు వచ్చింది.

ఆ సెటిల్మెంటును నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. అది ఇంగ్లండులో పుట్టిన క్రైస్తవ సేవాసంస్థ. దాన్ని మనవాళ్లు రక్షణ సైన్యం అని కూడా అంటారు. వాళ్లు బడి పెట్టారు. చదువు చెప్పారు. సేద్యానికి భూమి చూపించారు. ఆ మంచి కాదనలేం. కానీ గేటు దాటాలంటే పాసు కావాలి. మంచి చేసిన చేతిలోనే తాళంచెవి కూడా ఉంది.

భూమి అందరికీ చాలలేదు. పక్కనే చీరాలలో పొగాకు కంపెనీ ఉంది. జనం దాన్ని ఐ.ఎల్.టి.డి. కంపెనీ అంటారు. ఆ కంపెనీకి కూలీలు కావాలి. సెటిల్మెంటు మనుషులకు పని కావాలి. అట్లా ఎరుకల ఆడవాళ్లు, మగవాళ్లు పొగాకు పనికి పోయారు. ఉప్పు మోసిన వాళ్లు పొగాకు కూలీలయ్యారు.

ఒక బిడ్డ బతుకు

1914లో స్టూవర్టుపురంలో ఒక మగబిడ్డ పుట్టాడనుకుందాం. ఇతను ఫలానా మనిషి అని చెప్పటం లేదు. చట్టం ఎట్లా పనిచేసిందో తెలుసుకోవటానికి ఒక బిడ్డను అనుకుంటున్నాం. అంతే.

పుట్టిన నాడు ఆ బిడ్డ ఏ తప్పూ చేయలేదు. కానీ అతని కులం పేరు అప్పటికే జాబితాలో ఉంది.

ఆరేళ్లకు బడికి పోయాడు. అక్షరాలు నేర్చుకున్నాడు. అది మంచిదే.

పన్నెండేళ్లు వచ్చాయి. అది 1926వ సంవత్సరం. ఆ ఏడు దేశంలో కార్మిక సంఘాల చట్టం వచ్చింది. ఏడుగురు కూలీలు కలిసి సంఘం పెట్టి రిజిస్టరు చేయించుకోవచ్చు అని ఆ చట్టం చెప్పింది. ఆ సంగతి అతనికి ఎవరు చెబుతారు?

పెద్దవాడయ్యాడు. ఇప్పుడు దేశంలో రెండు రిజిస్టర్లు ఉన్నాయి. ఒకటి కార్మిక సంఘాల రిజిస్టరు. ఇంకొకటి పోలీసు రిజిస్టరు. అతని పేరు ఎక్కింది రెండోదానిలో. అతను పొగాకు పనికి పోతున్నాడు. కష్టపడుతున్నాడు. సాయంత్రానికి తిరిగి వచ్చి హాజరు చెబుతున్నాడు.

ఒకరోజు కబురు వచ్చింది. దూరపు ఊళ్లో ఉన్న అమ్మమ్మకు జబ్బు చేసింది. పాసు అడిగాడు. దొరకలేదు. మనసు ఆగలేదు. రాత్రికి రాత్రి బయలుదేరాడు. దారిలో పోలీసులు పట్టుకున్నారు. శిక్ష పడింది.

ఇప్పుడు అతను నిజంగానే 'జైలుకు పోయి వచ్చినవాడు'. కాగితం మీద నేరస్తుడు. అతను చేసిన నేరం ఏమిటి? అమ్మమ్మను చూడబోవటం!

కాగితం మీద రాసింది చదివితే 'నేరస్తుడు' అనే మాట ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక ఏం జరిగిందో కనిపించదు. అందుకే కాగితం చదవటం నేర్చుకున్న వాళ్లు, కాగితాన్ని ప్రశ్నించటం కూడా నేర్చుకోవాలి.

'నేను రాను' అనలేని కూలి

కూలికి పోయే అక్కలకు ఒక సంగతి బాగా తెలుసు. మిరపకాయ కోతకు మేస్త్రీ పిలుస్తాడు. కూలి తక్కువ చెబుతాడు. అప్పుడు పదిమంది ఆడవాళ్లు ఒక్కమాట మీద ఉండి, "ఆ కూలికి మేం రాము" అంటారు. మేస్త్రీ కాసేపు అరుస్తాడు. కాయ చెట్టు మీదే పండి రాలిపోతుందని రైతుకు భయం. చివరికి కూలి పెంచుతారు.

కూలికి ఉన్న బలం ఇదే. పని కావాలంటే వస్తాం. గిట్టకపోతే రాము. ఈ ఒక్క మాటలోనే కూలి వాళ్ల సంఘాలన్నీ పుట్టాయి.

ఇంగ్లండులో లండన్ పట్నం ఉంది. అక్కడ రేవులో ఓడల నుంచి సరుకు దించే కూలీలు వేలమంది ఉండేవాళ్లు. పొద్దున్నే రేవు గేటు దగ్గర గుంపుగా నిలబడేవాళ్లు. మేస్త్రీ ఎవరిని చూపిస్తే వాళ్లకే ఆ పూట పని. మిగిలినవాళ్లకు పస్తు. రేవు కూలీలంటే పట్నం పెద్దలకు చులకన. తాగుబోతులు, దొంగలు అనేవాళ్లు. 1889లో ఆ కూలీలంతా ఒక్కటై సమ్మె చేశారు. గంటకు ఆరు పెన్నీలు ఇవ్వాలన్నారు. పెన్నీ అంటే వాళ్ల చిల్లర నాణెం. సమ్మె ఐదు వారాలు సాగింది. చివరికి గెలిచారు. చులకనగా చూసినవాళ్లే అప్పటి నుంచి వాళ్ల సంఘం వాళ్లతో కూర్చుని మాట్లాడారు.

ఆ సమ్మె రోజుల్లో రేవు కూలీలకు తక్కువ ధరకు తిండి అందించిన వాళ్లలో సాల్వేషన్ ఆర్మీ కూడా ఉంది. పాతికేళ్లు తిరిగేసరికి అదే సంస్థ స్టూవర్టుపురం గేటు దగ్గర ఉంది. లండన్ కూలికి అది తిండి పెట్టింది. మన కూలికి పాసు రాసింది. మనుషులు మారలేదు. మారింది చట్టం.

రేవు కూలి 'నేను రాను' అనగలిగాడు. సెటిల్మెంటు కూలి అనలేడు. పని మానితే ఎక్కడికి పోతాడు? పాసు లేదు. ఇంకో యజమాని దగ్గరకు పోగలడా? పోలేడు. పక్క ఊళ్లో కూలీల మీటింగు ఉంటే పోగలడా? అడిగి పోవాలి. సంఘం పెట్టాలంటే నలుగురు కలవాలి. నలుగురు కలిస్తే పోలీసులు ఏమంటారు? "ముఠా కట్టారు, దొంగతనానికి సిద్ధమవుతున్నారు" అంటారు.

ముద్ర వేస్తే పరువు పోతుంది. పరువుతో పాటు కూలి అడిగే గొంతు కూడా పోతుంది. ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

చట్టం పోయింది, మచ్చ పోలేదు

ఆ చట్టాన్ని చాలామంది తప్పు పట్టారు. 1936లో జవహర్‌లాల్ నెహ్రూ నెల్లూరు వచ్చారు. ఒక జాతినంతటినీ నేరస్తులు అనటం అన్యాయం అని అక్కడ చెప్పారు. నెల్లూరు జిల్లాలో వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం, ఎరుకల కోసం ఏళ్ల తరబడి పనిచేశారు.

1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని ఎత్తేసింది. తరువాత దేశమంతటి సంగతి చూడటానికి ఒక కమిటీ వేశారు. మాడభూషి అనంతశయనం అయ్యంగార్ దానికి అధ్యక్షుడు. ఆయన తిరుపతి దగ్గర తిరుచానూరులో పుట్టారు. ఆ చట్టం తీసెయ్యాలి అని కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. అప్పటికి దేశంలో 127 జాతుల వాళ్లు దాని కింద ఉన్నారని లెక్క చెబుతారు. ఆ రోజును వాళ్లు విముక్తి దినంగా చేసుకుంటారు. విముక్తి అంటే విడుదల.

మనం అనుకున్న బిడ్డకు 1947లో 33 ఏళ్లు. ఇప్పుడు పాసు అక్కర్లేదు. ఏ ఊరైనా పోవచ్చు. ఏ పనైనా అడగవచ్చు. కానీ పని అడగబోతే ఏమన్నారు?

"ఏ ఊరు నీది?"

"స్టూవర్టుపురం."

"అయితే వద్దులే."

చట్టం పోయింది. ఊరి పేరే ముద్రగా మిగిలింది. పైగా, పాత చట్టం పోయిన చోట కొత్త చట్టం వచ్చింది. పదే పదే నేరాలు చేసేవాళ్ల మీద నిఘా పెట్టే చట్టం అది. అది కులం పేరు చెప్పదు. మనిషిని బట్టి అంటుంది. కానీ పోలీసుల చేతిలో పాత రిజిస్టర్లు ఉన్నాయి గదా! ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ ఊరికే వచ్చేవాళ్లు.

ఆ ఊళ్లో నిజంగా దొంగతనాలు చేసిన వాళ్లు లేరా? ఉన్నారు. అది దాచిపెట్టకూడదు. దొంగల చేతిలో పుస్తెలతాడు పోగొట్టుకున్న ఆడమనిషి ఏడుపు చిన్నది కాదు. కూతురి పెళ్లికి దాచిన సొమ్ము పోతే ఆ ఇల్లు లేవటానికి ఎన్నేళ్లు పడుతుంది? తప్పు తప్పే. కానీ పని ఇవ్వకుండా, పేరు చూసి తరిమేస్తే మనిషి ఏ దారి పడతాడు? దొంగతనం చేయని ఇంట్లో కూడా తెల్లవారుజామున పోలీసు తలుపు కొడితే, ఆ పిల్లలు ఏమని పెరుగుతారు?

సినిమాలు కూడా ఆ ఊరి పేరు వాడుకున్నాయి. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' అని సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్లకు ఆ ఊరంటే దొంగలే గుర్తొచ్చారు. ఆ ఊళ్లో పొలం చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, బిడ్డలను బడికి పంపేవాళ్లు ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఒక ఆడమనిషి ఆ ఊరు వెళ్లింది

ఆమె పేరు హేమలత. అప్పటి గుంటూరు జిల్లా వినుకొండ ప్రాంతపు కవి గుర్రం జాషువా గారి కూతురు. జాషువా గారికి అంటరానితనం బాధ తెలుసు. కులం పేరుతో మనిషిని తక్కువ చేస్తే ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో పెరిగిన బిడ్డకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె విజయవాడ గోరా గారి కొడుకు లవణం గారిని పెళ్లి చేసుకున్నారు.

ఉత్తరాదిలో చంబల్ లోయ ఉంది. అక్కడ బందిపోట్లు ఎక్కువ. 1960లో వినోబా భావే అక్కడికి వెళ్లారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ వెళ్లారు. మంచి మాటతో ఎంతోమంది చేత తుపాకులు దింపించారు. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాకూడదు అని హేమలత, లవణం అనుకున్నారు. 1970ల నడిమి నుంచి స్టూవర్టుపురంలో పని మొదలుపెట్టారు. ప్రభుత్వమూ, పోలీసులూ సహకరించారు.

వాళ్లు తుపాకీ పట్టుకుని పోలేదు. ఇళ్లకు పోయారు. నేరం చేసిన వాళ్లతో మాట్లాడారు. ఇంటి ఆడవాళ్లతో మాట్లాడారు. జైల్లో ఉన్న వాళ్లతో మాట్లాడారు. మారిన మనిషికి బతుకు దారి చూపించాలి అని అధికారులతో మాట్లాడారు. మనిషి ఒక్కడు మారితే చాలదు. ఇల్లు మారాలి. పోలీసు చూపు మారాలి. చుట్టుపక్కల ఊళ్లు మారాలి. ఇదీ వాళ్ల పద్ధతి. దొంగతనాలు మానేసి కష్టం చేసుకుని బతికినవాళ్లు ఆ ఊళ్లో ఎందరో ఉన్నారు. చదువుకుని ఉద్యోగాలకు పోయిన బిడ్డలూ ఉన్నారు. హేమలత గారు 2008లో చనిపోయారు.

ముఠా అంటే ఏమిటి?

తెలుగులో ఒక మాట ఉంది. 'ముఠా'. పత్రికలో 'దొంగల ముఠా పట్టివేత' అని రాస్తారు. ఆ మాట చదివితే భయం వేస్తుంది. గుంటూరు మిర్చి యార్డుకు పోయి చూడండి. అక్కడ కూడా ముఠాలు ఉన్నాయి. అవి హమాలీల ముఠాలు. లారీ నుంచి మిర్చి టిక్కీలు దించుతారు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైనే ఉంటుంది. వీపు మీద వేసుకుని మోస్తారు. వచ్చిన కూలి పంచుకుంటారు.

మాట ఒకటే. ఒక ముఠా దోచుకుంటుంది. ఒక ముఠా మోస్తుంది. నలుగురు కలవటం తప్పు కాదు. ఎందుకు కలిశారు అన్నదే చూడాలి.

1976లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఠా, జట్టు, హమాలీ పనివాళ్ల కోసం ఒక చట్టం చేసింది. వాళ్ల పనికి ఒక పద్ధతి ఉండాలి, వాళ్ల సంక్షేమం చూడాలి అని అందులో రాశారు. ఎరుకల వాళ్ల పేర్లు రాయటానికి ఒకప్పుడు చట్టం వచ్చింది. అది నిఘా కోసం. హమాలీల పేర్లు రాయటానికి ఇంకో చట్టం వచ్చింది. ఇది హక్కు కోసం. రిజిస్టరు అనేది కత్తి లాంటిది. కూర కోయవచ్చు. మెడ కోయవచ్చు.

యార్డు చుట్టూ ఆడవాళ్లు మిరపకాయ తొడిమలు తీస్తారు. కిలో లెక్కన కూలి. చేతులు మండుతాయి. కళ్లు మండుతాయి. పసిబిడ్డను ఎత్తుకోవాలంటే చేతులు నాలుగుసార్లు కడుక్కోవాలి. వీళ్లు వేరు వేరు ఇళ్ల నుంచి వస్తారు. వేరు వేరు కులాల వాళ్లు. తొడిమ తీసే చేతికి మంట మాత్రం ఒకటే. మరి అందరూ ఒకే మాట మీద ఉండకూడదా? పక్కన కూర్చున్న ఆడమనిషి ఏ ఊరిది, ఏ కులంది అని దూరం పెడితే, నష్టం ఎవరికి? లాభం ఎవరికి?

ఒక ఆడమనిషి రాసింది, కోర్టు విన్నది

ఈ కథ అయిపోలేదు. పాత చట్టం 1952లో పోయింది. కానీ కొన్ని రాష్ట్రాల జైలు నియమాలలో దాని నీడ మిగిలే ఉంది. ఫలానా జాతుల వాళ్లు నేరాలకు అలవాటుపడ్డ వాళ్లు అన్నట్టుగా వాటిలో రాసి ఉంది. కులాన్ని బట్టి జైల్లో పని ఇచ్చేవాళ్లు. కొందరికి వంట. కొందరికి పాకీ పని.

సుకన్యా శాంత అనే పత్రికా విలేకరి ఈ సంగతి బయటపెట్టి రాసింది. రాసి ఊరుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కులాన్ని బట్టి జైల్లో పని ఇవ్వకూడదు అన్నది. జైలు రిజిస్టరులో కులం గడి ఉండకూడదు అన్నది. విముక్త జాతుల వాళ్లను పుట్టుకతో నేరస్తులుగా చూడకూడదు అన్నది.

ఒక ఆడమనిషి రాసిన రాత దేశంలో పెద్ద కోర్టు దాకా పోయింది. అక్షరానికి అంత బలం ఉంది.

వేలిముద్ర, సంతకం

చదువు రానప్పుడు ఎన్ని కాగితాల మీద వేలిముద్ర వేసి ఉంటారు! రేషను డీలరు దగ్గర వేశారు. అప్పు కాగితం మీద వేశారు. అందులో ఏం రాశారో తెలియకుండానే వేశారు. వేలు సిరాలో ముంచినప్పుడు మనసులో ఎక్కడో చిన్నతనం అనిపించేది. ఇప్పుడు సంతకం పెడుతున్నారు. పెట్టే ముందు చదువుతున్నారు.

స్టూవర్టుపురం వాళ్ల చేత కూడా వేలిముద్రలు వేయించారు. వాళ్లు చేయని తప్పుకు వేయించారు. వాళ్ల గురించి ఇతరులు రాశారు. వాళ్లను అడగకుండా రాశారు.

ఒకరి గురించి ఒకరు ఏదైనా అనే ముందు, రాసే ముందు, ఆ మనిషినే అడగాలి. ఈసారి ఊళ్లో బిందె పోతే, "వాళ్లు కాక ఇంకెవరు?" అనే మాట ఎవరి నోటి నుంచైనా రావచ్చు. అప్పుడు, "ఎవరు చూశారు?" అని ఒక్కరు అడిగినా చాలు. ఆ ఒక్కరు మీరే కావచ్చు.

కొత్త మాటలు

నేరస్తుడు – నేరం చేసినవాడు
నిఘా – కనిపెట్టి ఉండటం
విముక్తి – విడుదల
సమ్మె – అందరూ కలిసి పని ఆపటం
హమాలీ – బరువులు మోసే కూలి
సాక్ష్యం – కళ్లతో చూసినవాళ్లు చెప్పే మాట, రుజువు

మాట్లాడుకోండి

1. ఎరుకల వాళ్ల ఉప్పు వ్యాపారం ఎందుకు పోయింది? నాలుగు కారణాలు చెప్పండి.
2. 'నేను రాను' అనగలగటం కూలికి బలం ఎట్లా అవుతుంది? మీ ఊళ్లో ఎప్పుడైనా అట్లా జరిగిందా?
3. ఒక మనిషి జైలుకు పోయి వచ్చాడు. ఇప్పుడు మీ ఊళ్లో పని అడుగుతున్నాడు. ఇవ్వాలా, వద్దా? ఎందుకు?
4. మీ ఊళ్లో ఎవరి మీదైనా ఇట్లాంటి ముద్ర ఉందా? దాన్ని పోగొట్టటానికి ఆడవాళ్లంతా కలిసి ఏం చేయవచ్చు?

ఖాళీలు నింపండి

1. నేరస్త జాతుల చట్టం మొదట ________ లో వచ్చింది.
2. దేశమంతటా ఆ చట్టం ________ ఆగస్టు 31న పోయింది.
3. స్టూవర్టుపురం బాపట్లకు, ________ కు మధ్యలో ఉంది.
4. జాషువా గారి కూతురి పేరు ________.

రాయండి

మీ పేరు, మీ ఊరు, మీరు చేసే పని మూడు వాక్యాలలో రాయండి. కింద సంతకం పెట్టండి. మీ గురించి మీరే రాసుకున్న కాగితం అది. దాచుకోండి.